‘ది ఎక్స్‌పాన్స్’: నాలుగు సార్లు చూశాక నా ఓటు రెండో సీజన్‌కే

‘ది ఎక్స్‌పాన్స్’ అనే ఇంగ్లిష్ సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లో ఏ సీజన్ గొప్పదంటే మా బావది మూడోది, నాది రెండోది. ఐదేళ్లుగా ఈ తగువు తెగలేదు. పండక్కి కలిసినా, అంబాజీపేటలో బావ కొబ్బరి కొట్టు దగ్గర కూర్చున్నా, చివరికి మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్లో భోజనాల బంతిలో పక్కపక్కన కూర్చున్నా ఇదే గొడవ. అయితే బలహీనమైన సీజన్ విషయంలో మాత్రం చాలా రోజులు ఇద్దరిదీ ఒకటే మాట, నాలుగోది అని. 2022 జులైలో నేను మాట మార్చుకున్నాను. ఎందుకు మార్చుకున్నానో చెప్పడానికే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

నేను దీన్ని మొదట 2019లో, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో చూశాను. 2020 లాక్‌డౌన్‌లో ఊరొచ్చేసి ఇక్కడే ఉండిపోయాను. మలికిపురం దగ్గర మూడెకరాల వరి, గట్ల మీద కొబ్బరి. అప్పటి నుంచి ఇప్పటికి సిరీస్ మొత్తం నాలుగు సార్లు అయ్యింది. ఆరు సీజన్లు, 62 ఎపిసోడ్లు. కథలో మలుపులు కొన్ని చెప్పకుండా సీజన్ల గురించి మాట్లాడలేను. ఇంకా చూడని వాళ్లు రెండో సీజన్ సంగతి మొదలవగానే ఆపేసి, చూశాక మళ్లీ రండి.

తెలియని వాళ్లకు నాలుగు ముక్కలు. డేనియల్ అబ్రహం, టై ఫ్రాంక్ అనే ఇద్దరు రచయితలు జేమ్స్ ఎస్. ఎ. కోరీ అనే ఒకే కలం పేరుతో రాసిన నవలలు దీనికి మూలం. కొన్ని వందల ఏళ్ల తర్వాతి కాలం. భూమిది ఒక ప్రభుత్వం, మార్స్‌ది ఇంకొకటి. ఈ రెండింటికీ అవతల గ్రహశకలాల మీద, గురుడు శని ఉపగ్రహాల మీద పుట్టి పెరిగి పని చేసుకునే వాళ్లు బెల్టర్లు. మొదటి మూడు సీజన్లు సైఫై ఛానల్లో 2015 డిసెంబర్ నుంచి 2018 జూన్ వరకు వచ్చాయి. 2018 మేలో ఆ ఛానల్ ఆపేస్తున్నామంటే, అభిమానులు చందాలేసుకుని అమెజాన్ స్టూడియో మీదుగా విమానానికి బ్యానర్ కట్టి ఎగరేశారు. అదే నెలలో అమెజాన్ తీసుకుంది. మిగతా మూడు సీజన్లు అక్కడివే, 2022 జనవరితో అయిపోయాయి.

నన్ను పట్టేసింది అంతరిక్ష నౌకలు కాదు, నీళ్లు. మొదటి ఎపిసోడ్లోనే సెరెస్ అనే గ్రహశకలం మీద ఒకడు జనాన్ని పోగేసి చెబుతాడు: ఒకప్పుడు ఈ సెరెస్ అంతా మంచే, వెయ్యి తరాలకు సరిపడా నీళ్లు ఉండేవి, భూమి, మార్స్ వాళ్లు ఒలుచుకుని పోయారు, ఇప్పుడు మన నీళ్ల కోసం మనం శని వలయాల దాకా పోవాల్సి వస్తోంది అని. శని దగ్గర మంచు తవ్వి తెచ్చే కాంటర్‌బరీ అనే ఓడను ఎవరో పేల్చేస్తారు. కథ అక్కడ మొదలవుతుంది.

మాది శివారు ఆయకట్టు. ధవళేశ్వరం దగ్గర కట్టిన గోదావరి నీళ్లు బొబ్బర్లంక నుంచి లొల్ల లాకులు దాటి, గన్నవరం అక్విడక్ట్ మీదుగా వైనతేయను దాటి మా వైపు రావాలి. దారి పొడుగునా ఎవరి తూము వాళ్లు తడుపుకున్నాక, గుర్రపుడెక్క వదిలిపెట్టినన్ని నీళ్లు మాకు వస్తాయి. దాళ్వాలో వంతులు పెడతారు. మా వంతు రోజున కాలవలో మోకాలి లోతు కూడా ఉండని సంవత్సరాలు ఉన్నాయి. చుట్టూ మూడు వైపులా నీళ్లే, గోదావరి పాయలు, సముద్రం. చేలోకి మాత్రం నీళ్లు రావు. సెరెస్ మీద రేషన్ నీళ్లతో బతికే మనిషి ముఖంలో ఉన్నదేమిటో నాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

మొదటి సీజన్ గురించి ఎక్కువ చెప్పను. మొదటి మూడు ఎపిసోడ్లు ఓపిక పట్టాలి. ఎవరు ఎవరి మనిషో అర్థం కాదు. నాలుగోదాంట్లో మార్స్ యుద్ధనౌక డానేజర్ మీద దాడి జరుగుతుంది. అది చూశాక వదిలేసిన మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు. ఇందులో గురుత్వాకర్షణ స్విచ్ వేస్తే వచ్చేది కాదు. ఓడ వేగం పెంచుతుంటేనో, స్టేషన్ గిర్రున తిరుగుతుంటేనో మనిషి పాదం నేలకు ఆనుతుంది. సెరెస్ మీద డిటెక్టివ్ మిల్లర్ గ్లాసులో మందు పోస్తుంటే ధార వంకరగా పడుతుంది. ఆ ఒక్క ధార కోసం నేను వెనక్కి తిప్పి నాలుగైదు సార్లు చూశాను. బెల్టర్లు మాట్లాడేటప్పుడు చేతులు పెద్దగా ఊపుతారు. స్పేస్ సూట్ వేసుకుని రేడియో లేకుండా పని చేసిన తరాల నుంచి వచ్చిన అలవాటు అది. సఖినేటిపల్లి రేవులో పంటు మీద నుంచి ఒడ్డున ఉన్న మనిషికి సైగ చేసే సరంగును చూసిన వాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు.

ఇంకో ముచ్చట. ఐక్యరాజ్యసమితిలో చక్రం తిప్పే పెద్దావిడ పేరు క్రిస్‌జెన్ అవసరాల. అవును, మన అవసరాల వారే! చీర కట్టు, గొంతులో జీర, నోట్లో బూతు. వేసింది ఇరాన్‌లో పుట్టిన నటి షోరే అగ్దష్లూ. మా అమ్మ ఒకసారి పక్కన కూర్చుని, “ఈవిడ ఎవరి తాలూకు రా?” అని అడిగింది. ఇంటిపేరు చెప్పాను. ఆ తర్వాత అవసరాల వచ్చే సీన్లన్నీ అమ్మ కూర్చుని చూసింది, ఇంగ్లిష్ రాకపోయినా.

ఇక రెండో సీజన్. 2017లో వచ్చింది, 13 ఎపిసోడ్లు.

దీని మొదటి ఐదు ఎపిసోడ్లు మొదటి సీజన్ కథకు ముగింపు. ఈరోస్ అనే గ్రహశకలం మీద లక్ష మందిని ప్రోటోమాలిక్యూల్ అనే గ్రహాంతర పదార్థానికి బలి ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఆ శకలం దానంతట అదే కదిలి భూమి మీదకు వస్తుంది. ఐదో ఎపిసోడ్లో మిల్లర్ ఒక్కడే లోపలికి వెళ్లి, తను ఎన్నడూ ప్రాణంతో చూడని జూలీ అనే అమ్మాయితో మాట్లాడి, దాన్ని శుక్రుడి మీదకు మళ్లిస్తాడు. బావ కూడా ఆ ఎపిసోడ్‌కి అడ్డు చెప్పడు. ఆయన అభ్యంతరం దాని తర్వాతి భాగం మీద. “ఈరోస్ అయిపోయాక ఏముందిరా? గానిమీడ్‌లో మొక్కలు చూపిస్తూ కూర్చున్నాడు” అంటారు.

నా ఓటు ఆ మొక్కలకే.

గురుడి ఉపగ్రహం గానిమీడ్ బెల్టర్లందరికీ ధాన్యాగారం. అద్దాలతో ఎండను మళ్లించి, గోపురాల కింద పంటలు పండిస్తారు. భూమి, మార్స్ సైన్యాలు అక్కడ కొట్టుకుంటే అద్దాలు విరిగి గోపురాల మీద పడతాయి. ప్రాక్స్ అనే వృక్షశాస్త్రవేత్త తప్పిపోయిన కూతురి కోసం వెతుక్కుంటూ తిరిగి అక్కడికే వస్తాడు. దారిలో ఒక మొక్క ఆకు పసుపు తిరిగి ఉండటం చూసి ఆగిపోతాడు. ఏమైందని పక్కనున్న మెకానిక్ ఆమస్ అడిగితే విడమర్చి చెబుతాడు. ఈ స్టేషన్ చూడ్డానికి చిక్కుముడి లాంటి ఏర్పాటే, కానీ అడవికి ఉన్నన్ని దారులు దీనికి లేవు. ఒకటి చెడితే దాని పని ఇంకోటి ఎత్తుకుంటుంది, అది అలిసిపోయి పడిపోతే మూడోది పడుతుంది. అందరూ రిపేర్లు చేస్తున్నారు గానీ ఇది చచ్చిపోయింది, వాళ్లకింకా తెలియదు, అంతే.

ఇది రెండోసారి చూసినప్పుడు నేను ఊళ్లో ఉన్నాను. మా చేనుకు రెండు గట్ల అవతల వరి చేను చెరువు అయ్యింది, రొయ్యలకి. మరుసటి ఏడాది దాని పక్కది. చెరువు ఉప్పు పక్క చేలోకి దిగుతుంది. ఉప్పు దిగిన చేలో వరి గిడసబారుతుంది. పండనప్పుడు ఆ రైతు మాత్రం ఏం చేస్తాడు, తనూ చెరువుకి లీజుకిస్తాడు. కాలవ కింద తడిసే చేలు తగ్గుతుంటే ఆ కాలవ పూడిక గురించి అడిగే నోళ్లు తగ్గుతాయి. మా బోరు నీళ్లలో ఉప్పు పెరిగింది. కొబ్బరి మట్టల కొసలు ఎండుతున్నాయి. ఎవరి మీదా కోపం తెచ్చుకోలేను, ఎవరి లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంది. ప్రాక్స్ చెప్పింది సరిగ్గా ఇదే. నేను ఆ ఎపిసోడ్ అక్కడే ఆపి, చీకట్లో చేను దాకా నడిచి వచ్చాను.

ఈ సీజన్ బెల్టర్లను వెనకేసుకు రాదు. అది కూడా నాకు నచ్చింది. గానిమీడ్ నుంచి శరణార్థులను తీసుకెళ్లే ఓడలో సిబ్బంది భూమి, మార్స్ వాళ్లను వేరు చేసి, గాలి లేని శూన్యంలోకి తోసేస్తారు. వాళ్లలో ప్రాక్స్ స్నేహితురాలు డోరిస్ కూడా ఉంటుంది. శివారు వాడికి అధికారం చేతికొస్తే ఏం చేస్తాడో కూడా చూపించారు. ఇంకోపక్క మార్స్ సైనికురాలు బాబీ డ్రేపర్ న్యూయార్క్‌లో అందరి కళ్లూ కప్పి, ఎండకు కళ్లు మండుతున్నా, కాళ్లీడ్చుకుంటూ సముద్రం దాకా నడుస్తుంది. మార్స్ మీద సముద్రం కోసమే తరాలు పని చేస్తున్నాయి. ఇక్కడున్న సముద్రం ఒడ్డున చెత్త, పని లేని మనుషులు. మా పిల్లలను అంతర్వేది అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గరికి తీసుకెళ్లినప్పుడల్లా బాబీ గుర్తొస్తుంది. వశిష్ఠ సముద్రంలో కలిసే ఆ చోట నిలబడి, ఇంత నీళ్లు ఊరికే పోతున్నాయి కదా అనుకోని శివారు రైతు ఉండడు.

మూడో సీజన్ బలమేమిటో నాకు తెలుసు. బావ మాటల్లోనే చెప్పాలంటే, “ఒక్క ఎపిసోడ్ కూడా తీసి పారెయ్యలేవురా.” నిజమే. మొదటి ఆరు ఎపిసోడ్లలో భూమి, మార్స్ యుద్ధం తేలిపోతుంది. ఏడో ఎపిసోడ్లో ఒక బెల్టర్ కుర్రాడు పేరు కోసం చిన్న ఓడలో మహా వేగంతో, ప్రోటోమాలిక్యూల్ నుంచి కొత్తగా పుట్టిన వలయం లాంటి ద్వారంలోకి దూసుకుపోతాడు. లోపల అంతకు మించి వెళ్లకూడదని ఒక వేగ పరిమితి. ఓడ ఆగిపోతుంది, లోపలున్న మనిషి ఆగడు. ఒక్క క్షణంలో కొత్త లోకం నియమం ఏమిటో మాటల్లేకుండా చెప్పేశారు.

ఆ తర్వాత ఆ పరిమితి ఇంకా తగ్గి, అన్ని ఓడల్లోనూ జనం గోడలకు గుద్దుకుని గాయపడతారు. బరువు లేనిచోట లోపలి గాయం నుంచి రక్తం కిందికి జారదు, మనిషి బతకడు. అందుకని బెల్టర్ల బెహెమత్ ఓడ పీపాను గుండ్రంగా తిప్పి బరువు పుట్టిస్తారు, శత్రువుల క్షతగాత్రులను కూడా రమ్మంటారు. రెండు యంత్రాల మధ్య ఇరుక్కున్న ఆ ఓడ అధికారులు డ్రమ్మర్, యాష్‌ఫర్డ్ మాట్లాడుకునే సీన్ దగ్గర మా అక్క కూడా కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది.

మరి నాకు రెండో స్థానమే ఎందుకంటే, అది రెండు కథలను ఒకే సీజన్లో కుట్టిన బట్ట. కుట్టు కనపడుతుంది. ఆరో ఎపిసోడ్ అయ్యాక కాలం కొన్ని నెలలు దూకేస్తుంది. క్లారిస్సా అనే అమ్మాయి పగ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేలోపే ఆమె ఓడ పేల్చేస్తుంది. ఇది అంటే బావకు మండుతుంది. “నీకు ప్రతిదీ నాట్లేసినంత నెమ్మదిగా ఉండాలి” అంటారు. నాట్లు సరిగ్గా పడకపోతే కోతలో ఏముంటుంది బావా అంటాను.

నాలుగో సీజన్ దగ్గర మేమిద్దరం ఒకటే పార్టీగా ఉండేవాళ్లం. 2019 డిసెంబర్లో వచ్చింది, పది ఎపిసోడ్లు. వలయం అవతల ఇలస్ అనే గ్రహం మీద గానిమీడ్ నుంచి వెళ్లిన శరణార్థులు ముందే దిగి లిథియం తవ్వుకుంటుంటారు. భూమి నుంచి ఒక కంపెనీ అనుమతి పత్రం పట్టుకుని వస్తుంది. నేల ఎవరిదని గొడవ. అప్పట్లో నాకు అది బూడిద రంగు నేల, అరుచుకునే మనుషులు, అంతే. మార్స్‌లో బాబీ దొంగ సరుకు కథ, భూమి మీద అవసరాల ఎన్నికల కథ, డ్రమ్మర్ వేట కథ విడివిడిగా నడిచి ఎక్కడా కలవవు. ఈ మాట మీద ఇప్పటికీ నిలబడతాను.

2022 జులైలో గోదావరికి వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. ఆసారి 25 లక్షలు దాటింది. లంకల్లో ఉండే మా మేనత్త కుటుంబాన్ని పడవ మీద ఏటిగట్టుకు చేర్చి, అక్కడి నుంచి మా ఇంటికి తెచ్చాం. ఇల్లంతా మనుషులు, వాకిట్లో రెండు గేదెలు. కరెంటు లేదు. మూడో రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు. మేనత్త మనవడు నా ఫోన్లో ఏముందని అడిగాడు. డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నవి నాలుగో సీజన్ ఎపిసోడ్లే.

ఇలస్ మీద కూడా నీళ్లు వస్తాయి. గ్రహం అవతల ఏదో పేలి, సముద్రం కెరటంగా లేచి వస్తోందని తెలుస్తుంది. ఇన్నాళ్లు కొట్టుకున్న వాళ్లంతా ఒకే పురాతన కట్టడంలోకి ఎక్కుతారు. బయట నీళ్లు. గోడల వెంట పాకే పురుగులు, ముట్టుకుంటే ప్రాణం పోతుంది. ఆ తర్వాత ఒక్కొక్కరికీ కళ్లు కనపడకుండా పోతాయి. ఒక్క కథానాయకుడు, రోసినాంటే ఓడ కెప్టెన్ హోల్డెన్‌కి తప్ప. అతను క్యాన్సర్ రాకుండా వాడే మందే అతన్ని కాపాడిందని శాస్త్రవేత్త ఎల్వీ కనిపెడుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఇవన్నీ కష్టాలు పేర్చినట్టు అనిపించాయి. వరద చూసిన వాళ్లకు అలా అనిపించదు. వరద ఒక్క కష్టంగా రాదు. ముందు నీళ్లు, తర్వాత ఇంట్లోకి పాములు, తర్వాత తాగే నీళ్లు లేకపోవడం, తర్వాత ఒళ్లంతా దురదలు. ఆ కుర్రాడు పురుగులను చూసి, “మా మండువాలోకి కట్లపాము ఇలాగే వచ్చింది మావయ్యా” అన్నాడు. మేనత్త తెర చూడకుండా ఆ నీళ్ల చప్పుడు మాత్రం వింటూ కూర్చుంది.

అప్పుడు అర్థమైంది, కంపెనీ భద్రతాధికారి మర్ట్రీని నేను తక్కువగా చూశానని. నీళ్లు మెడ దాకా వచ్చినా వాడికి దిగువ కట్టడాల మీద హక్కు ఎవరిదన్నదే లెక్క. ఇంత మొండిగా ఎవడుంటాడని ముందు అనుకున్నాను. పాశర్లపూడిలో 1995 జనవరిలో గ్యాస్ బావి పేలి 65 రోజులు మండింది. అప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి, మా ఊరి నుంచి కూడా ఆకాశం ఎర్రగా కనపడేది. కాళ్ల కింద విలువైనది దొరికిన నేల మీద ఉండే మనుషులకు ఆ భయం కొత్త కాదు. ఇలస్ వాళ్ల కోపం దాన్నుంచే వచ్చింది. నాలుగో సీజన్ గొప్పదని అనను. తప్పులున్న మంచి సీజన్. బలహీనమైనది మాత్రం కాదు.

ఐదో సీజన్ మూడోదానికి గట్టి పోటీ. రోసినాంటే ఓడలోని నలుగురూ, అంటే హోల్డెన్, నయోమి, ఆమస్, అలెక్స్, నాలుగు దిక్కులకు పోతారు, బెల్టర్ల తిరుగుబాటు నాయకుడు మార్కో ఇనారోస్ విసిరిన గ్రహశకలాలు భూమి మీద పడతాయి. నయోమి ఒంటి మీద సూట్ లేకుండా ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు శూన్యంలో దూకుతుంది. ఆ ఓడ బాంబు పెట్టిన ఎర. తన గొంతుతోనే నకిలీ పిలుపు ఒకటి అందులోంచి పదే పదే పోతుంటుంది. ఒంటరిగా, గాలి సరిగ్గా లేక, ఒళ్లు హూనమై, ఆ పిలుపును ముక్కలు చేసి ‘ఆపదలో ఉన్నాను’ అన్న చోట ‘అదుపులో ఉన్నాను’ అని వచ్చేట్టు చేస్తుంది. డైలాగు దాదాపు లేని ఆ ఎపిసోడ్లకు సాటి ఇంకెక్కడా లేదు.

ఇంకొకటి గమనించండి. బెల్టర్ల మధ్యకు వెళ్లగానే నయోమి యాస మారిపోతుంది. నిక్ ఫార్మర్ అనే భాషావేత్త ఆ బెల్టర్ భాషను ప్రత్యేకంగా తయారు చేశాడు. హైదరాబాద్‌లో ఆరేళ్లు నేను ‘ఆయ్’ అనకుండా జాగ్రత్త పడ్డాను. బస్సు రావులపాలెం వంతెన ఎక్కగానే నా నోరు నాకే వేరుగా వినపడేది. నయోమిని చూసినప్పుడు ఆ వంతెనే గుర్తొచ్చింది. ఈ సీజన్లో నాకు నచ్చనిది అలెక్స్ చావు. నవలల్లో అతను అప్పుడు చనిపోడు, ఇక్కడ చివరి ఎపిసోడ్లో హడావుడిగా తీసేసినట్టు ఉంటుంది.

ఇక ఆరోది. బలహీనమైన సీజన్ ఇదే. బావ ఇంకా ఒప్పుకోలేదు. “యుద్ధాలు బాగున్నాయి కదరా” అంటారు. యుద్ధాలు బాగున్నాయి. కానీ ఉన్నవి ఆరే ఎపిసోడ్లు. ప్రతి ఎపిసోడ్ మొదట్లో లకోనియా అనే గ్రహం మీద కారా అనే పిల్ల, చనిపోయిన దాన్ని లేపే వింత జంతువులు కనపడతాయి. ఆ కథ ఎక్కడికీ చేరదు. నవలలు ఇంకా మూడున్నాయి కాబట్టి తలుపు తెరిచి ఉంచారని సర్ది చెప్పుకోవచ్చు. అసలే తక్కువున్న సమయాన్ని దానికిచ్చి, చేతిలో ఉన్న కథను ఎండగట్టారు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది సెరెస్. మార్కో బెల్టర్ల వీరుణ్ణని చెప్పుకుంటూనే సెరెస్‌లో ఉన్న తిండీ నీళ్లూ ఊడ్చుకుని, లక్షల మందిని శత్రువుకు వదిలేసి వెళ్లిపోతాడు. మొదటి ఎపిసోడ్లో నీళ్లు ఒలుచుకుపోయారని ఏడ్చిన చోట, ఆఖర్లో సొంత మనిషే ఆ పని చేస్తాడు. ఇంతకంటే పెద్ద కథ ఈ సిరీస్‌లో లేదు. దానికి రెండు మూడు సీన్లు ఇచ్చి యుద్ధానికి వెళ్లిపోయారు. సెరెస్‌లో ఒక ఇంట్లోకి వెళ్లి, ఎండిన కుళాయి ముందు నిలబడ్డ ఒక తల్లిని చూపించి ఉంటే చాలు, నేను ఇలా రాసేవాణ్ణి కాదు. డ్రమ్మర్ పాత్రలో కారా జీ నటన, తండ్రి మార్కో పేరు వదిలేసి తల్లి నయోమి ఇంటిపేరు చెప్పుకునే ఫిలిప్, ఈ రెండే నాకు ఆ సీజన్లో మిగిలాయి.

అవార్డుల మాట కూడా వస్తుంటుంది. మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌కి 2017లో, ఐదో సీజన్ చివరి ఎపిసోడ్‌కి 2022లో సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. అంటే మా ఇద్దరి సీజన్లకూ రాలేదు. ఆ సంగతి చెప్పినప్పుడు బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కొత్తగా చూసేవాళ్లకు ఒక మాట. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, బెల్టర్ల మాట మొదట్లో చెవికి అందదు. వీలైతే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఓడ ఇంజిన్ ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దం టీవీ స్పీకర్లో తెలియదు. రోజుకు రెండుకు మించి చూడొద్దు, ముఖ్యంగా రెండో సీజన్.

పోయిన వారం అంబాజీపేట నుంచి బావ ఫోన్ చేశారు. వాళ్ల తోటలో దింపు తీయించారట. గట్టు పక్కనున్న చెట్లకు కాయ సగానికి సగం తగ్గిందని, మట్టలు పసుపు తిరుగుతున్నాయని చెప్పారు. పక్క చేను చెరువై రెండేళ్లయ్యింది. ఎరువు సంగతి, మట్టి పరీక్ష సంగతి మాట్లాడుకున్నాం. పెట్టేయబోతూ ఆగి అడిగారు.

“ఒరేయ్, ఆ మొక్కలాయన ఆకు చూసి ఆగిపోతాడే, అది ఎన్నో ఎపిసోడు?”

“రెండో సీజన్, పదోది బావా.”

“సరే. రాత్రికి పెడతాను.”